పదో నంబరు చెప్పులు

ఆ పొద్దున సముద్రం మీద మబ్బు పట్టింది, బందరు మీద ఎండ కాసింది.

బోట్లు కదలలేదు. గిలకలదిండిలో బోటు నడిపే సరంగు శ్రీహరి కొత్త చెప్పులకని కోనేరు సెంటరుకు వచ్చాడు.

రెండేళ్ళుగా అతని చేతివేళ్ళు లావెక్కుతున్నాయి. ఉంగరం కోయించాల్సి వచ్చింది. దవడ ముందుకు వచ్చింది. మనిషికి కలిసొచ్చిందని రేవులో అందరూ మెచ్చుకున్నారు.

చెప్పుల కొట్టు పూర్ణచంద్రరావు తల ఎత్తలేదు. శ్రీహరి పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని జానతో కొలిచాడు. మడమ మీద జెల్ల చేప ముల్లు దిగిన మచ్చను వేలితో తడిమాడు.

"గిలకలదిండి సరంగు గారు. పోయినేడు ఎనిమిదో నంబరు. దసరాకి తొమ్మిది. ఇప్పుడు పది."

"ఉంటే ఇవ్వండి."

"ఇవ్వను. నలభై దాటాక పాదం పెరగదండీ. హైదరాబాదు వెళ్ళి పెద్ద డాక్టరుకి చూపించుకోండి."

పక్కవాళ్ళు నవ్వారు. మొహమైనా చూడకుండా తనకి వైద్యం చెబుతున్నాడని శ్రీహరికి ఒళ్ళు మండింది. ఉత్త కాళ్ళతో ఇంటికి వెళ్ళాడు.

అది విని భార్య వీరదుర్గ మాత్రం నవ్వలేదు. పోరు పెట్టి హైదరాబాదు తీసుకువెళ్ళింది.

మెదడు అడుగున రేగిగింజంత గడ్డ ఉందన్నారు. ముక్కులోంచి సన్నని కెమెరా గొట్టం పంపి తీసేశారు.

"ఇంకో ఏడాది ఆగితే చూపు పోయేది. ఎవరు కనిపెట్టారు?" అన్నాడు డాక్టరు.

"చెప్పులాయన," అన్నాడు శ్రీహరి, దూది కుక్కిన ముక్కుతో.

తుమ్మకూడదన్నారని వీరదుర్గ నెల రోజులు ఇంట్లో మిరపకాయ వేగనివ్వలేదు. రేవులో వాళ్ళు అతని తలంతా వెతికి, ఒక్క కుట్టూ కనపడక, అసలు ఆపరేషనే జరగలేదని తేల్చారు.

రెండో నెలలో శ్రీహరి పండుగప్ప పులుసు కేరేజీ పట్టుకుని కొట్టుకు వెళ్ళాడు.

పూర్ణచంద్రరావు మళ్ళీ పాదం కొలిచాడు. "పది దగ్గరే ఆగింది. ఇప్పుడిస్తాను."

"మీకెలా తెలిసిందండీ?"

"నా పాదం పన్నెండు దాకా వెళ్ళింది. నేనూ కలిసొచ్చిందనే అనుకున్నాను," అని నవ్వాడు.

కొట్టు వెనక గదిలో భోజనానికి కూర్చున్నారు. పూర్ణచంద్రరావు భార్య నాంచారమ్మ ఆయన ముక్కలో ముళ్ళన్నీ ఏరి పెట్టింది. కంచం ఎక్కడుందో తెలియక ఆయన లావుపాటి వేళ్ళు చాప మీద వెతుకుతుంటే, ఆ మనిషి తన మొహం ఏనాడూ ఎందుకు చూడలేదో అప్పటికి తెలిసి, శ్రీహరి కంచాన్ని ఆ చేతి కిందకు జరిపాడు.