వాలు మీద వాలీబాల్

"ఇక్కడా? ఇక్కడ వాలీబాల్ ఆడతారా?"

ఇంజనీర్ ఫర్రుఖ్ నిలబడ్డ చోటు నుంచి కొండ వాలు జారిపోతూ ఏట్లోకి దిగుతోంది. బంతి ఒక్కసారి చెయ్యి జారిందంటే కింది జిల్లాకి పోయి వెతుక్కోవాల్సిందే. పైగా వాలు చుట్టూ ఎర్ర రంగు పూసిన రాళ్ళు. ఆ రాళ్ళు దాటితే మందుపాతరలేనని ఈ బదఖ్షాన్ కొండల్లో నడక నేర్చిన ప్రతి బిడ్డకీ తెలుసు.

"ఇక్కడే, ఇంజనీర్ సాబ్," అన్నాడు ఖుష్‌నజర్.

ఆయన ఊరి పెద్ద కాదు, ముల్లా కాదు. గొర్రెలు కాసుకునే ముసలాయన. కానీ పొద్దుటి నుంచి ఊరి తరఫున ఆయనే మాట్లాడుతున్నాడు. పెద్దలంతా ఆయన వెనక చేతులు కట్టుకుని నిలబడ్డారు.

ఫర్రుఖ్‌కి విసుగు కూడా సరిగా రాలేదు. యుద్ధం మొదలైన దగ్గర్నుంచీ కట్టడం అతని పని, కూల్చడం ఇంకెవరి పనో. నిరుడు కట్టిన బడిలోకి పిల్లలకంటే ముందు సైనికులు దిగారు. సైనికుల వెనకే ఫిరంగి గుండు వచ్చింది. ఆ రోజు అతను ఏడవలేదు. మిగిలిన గోడలు కొలుచుకుని, అన్నం తిని పడుకున్నాడు. ఇప్పుడు ఊరికో ఆటస్థలం కట్టమన్నారు, కడుతున్నాడు.

"కాకా, నీటి మర పక్కన బల్లపరుపు చేనుంది కదా. చూసే వచ్చాను. రెండు స్తంభాలు పాతి వల కట్టామంటే సాయంత్రానికి ఆట మొదలు."

"ఆ చేను నాది. ఇవ్వను," అన్నాడు మర యజమాని షాబేగ్ గబుక్కున.

"పోయిన వారం నువ్వే ఇస్తానన్నావటగా?"

"అన్నాను. బుద్ధి మారింది. ఏరు పొంగితే మునుగుతుంది కూడానూ."

ఏరు ఆ చేనుకి ఎక్కడో అడుగున ఉంది. అది పొంగి చేను మునగాలంటే నూహు ప్రవక్త నాటి వరద మళ్ళీ రావాలి. ఫర్రుఖ్ కుర్రాళ్ళ వైపు తిరిగాడు. ఎంతైనా ఆడేది వాళ్ళు.

"మీరు చెప్పండ్రా. మీకేది కావాలి?"

"చదును నేల మీద ఎవడైనా ఆడతాడు సాబ్," అన్నాడు జట్టు నాయకుడు దౌలత్. "మేం పొడుగోళ్ళని కింది వైపు నిలబెడతాం. సరిపోతుంది."

ఎవరూ నవ్వలేదు. అన్నవాడు కూడా నవ్వలేదు.

ఖుష్‌నజర్ ఇంట్లో టీ ఇచ్చారు, ఎండు మల్బరీ పళ్ళు పెట్టారు. ఊరంతా కట్టగట్టుకుని అబద్ధమాడుతోందని ఫర్రుఖ్‌కి అర్థమైంది. ఎందుకో కూడా అర్థమైందనుకున్నాడు.

"కాకా, దాపరికం లేకుండా మాట్లాడుకుందాం. మందుపాతరలు తీసేవాళ్ళు ఊరికే రారు. బడికో, బాటకో, బావికో, ఇలాంటి ఆటస్థలానికో అయితేనే వస్తారు. బంతాట పేరు చెప్పి నీ కొండ ఉచితంగా బాగు చేయించుకోవాలని చూస్తున్నావు. రేపు అక్కడ గోధుమలు చల్లుకుంటావు. అంతేనా?"

ముసలాయన గ్లాసు కింద పెట్టాడు.

"వాళ్ళ దగ్గరికి రెండుసార్లు వెళ్ళి అడిగాను బాబూ. ఒక్క ఇంటి పని కోసం రాలేమన్నారు."

"అంటే నేనన్నది నిజమే."

"నిజమే అనుకోండి." ఆయన ముందుకి వంగి ఫర్రుఖ్ మోకాళ్ళు పట్టుకున్నాడు. "మీరు రాస్తే వస్తారు. మీరు కాదంటే నాకింక దారి లేదు. ఇక్కడే కట్టండి సాబ్."

ఫర్రుఖ్ కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు. జాలి కలగలేదు, కోపమూ రాలేదు. ఈ దేశంలో ఇంతకంటే పెద్ద అబద్ధాలాడి ఊళ్ళకి ఊళ్ళే తగలబెట్టారు. ఈ అబద్ధం వల్ల చచ్చేవాడెవడూ లేడు. చెక్‌పోస్టు మూసేలోపు కొండ దిగాలి. వాలు మీదే ఆటస్థలమని రాసి సంతకం పెట్టేశాడు.

మంచు కరిగాక మందుపాతరలు తీసేవాళ్ళు వచ్చారు. బోర్లా పడుకుని, జానెడు జానెడు నేల తడుముకుంటూ పైకి పాకారు. బోడి కొండ పచ్చబడి, మళ్ళీ ఎండింది. చివరికి మందుపాతరలన్నీ తీసేసి, ఎర్ర రాళ్ళకి తెల్ల రంగు పూశామని కబురొస్తే, ఫర్రుఖ్ రెండు ఇనుప స్తంభాలు, ఒక వల, ఒక కొత్త బంతి జీపులో వేసుకుని వచ్చాడు.

ఊరంతా తలస్నానాలు చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని వాలు దగ్గర నిలబడి ఉంది. ప్రారంభోత్సవాలు అతనికి కొత్త కాదు. బంతి కనబడగానే పిల్లలు మీద పడతారు. ఇక్కడ బంతి వైపు చూసినవాళ్ళే లేరు.

దౌలత్, ఇంకో ముగ్గురు కుర్రాళ్ళు ఖుష్‌నజర్ ఇంట్లోంచి నులక మంచం మోసుకొచ్చారు. కూర్చుని ఆట చూడటానికి తనకే తెస్తున్నారనుకున్నాడు ఫర్రుఖ్. కోటు దులుపుకున్నాడు. నాకెందుకయ్యా ఇంత మర్యాద అనబోయాడు. మంచం అతన్ని దాటి వెళ్ళిపోయింది.

తెల్ల రాళ్ళ దగ్గర మందుపాతరల జట్టు నాయకుడు తల మీది హెల్మెట్ తీసేసి పక్కకి తప్పుకున్నాడు. ఫర్రుఖ్ పలకరించినా అతను తలెత్తలేదు.

"కాకా, ముందు స్తంభాలు పాతాలి కదా. మంచమెందుకు?"

ఖుష్‌నజర్ అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"స్తంభాలకేం తొందర బాబూ, ముందు మా చిన్నోణ్ణి తెచ్చుకుని మట్టి చేసుకోనివ్వండి, గొర్రెపిల్ల వెనకాల పరిగెత్తి అదిగో ఆ నడిమధ్యన పడిపోయాడు, మూడు చలికాలాలుగా అక్కడే ఉన్నాడు."