అద్దంలా కనిపిస్తోంది సార్

"హెడ్డాఫీసు నుంచి మెయిలొచ్చింది. ఏదీ, చదవండి చూద్దాం" అంటూ మేనేజరు వచ్చి పెద్ద గుమాస్తా కుర్చీ వెనక నిలబడ్డాడు.

పెద్ద గుమాస్తా కళ్లు చికిలించి చూశాడు. తెర మీద అక్షరాలు చీమ తలకాయల్లా ఉన్నాయి. నిన్న సాయంత్రం దాకా అవే అక్షరాలు కందిగింజలంత ఉండేవి. తెల్లారేసరికి మెయిల్ ప్రోగ్రాముకి కొత్త మార్పులేవో వచ్చి అన్నిటినీ కుదించేశాయి.

అక్షరాలు మొదట పెద్దవి చేసి పెట్టింది పక్క సీటు డిస్పాచ్ ఆవిడ. ఒకరోజు ఆయన టీకి వెళ్లొచ్చేసరికి పెరిగి ఉన్నాయి. ఆవిడ చెప్పలేదు, ఆయన అడగలేదు. ఇవాళ ఆవిడ పంటి డాక్టరు దగ్గరికి వెళ్లింది. పదకొండుకి గానీ రాదు. అక్షరాలు పెంచే కిటుకు ఎక్కడుందో ఆయనకు తెలియదు.

"ఏం, కనిపించడం లేదా?"

"అయ్యో, అద్దంలా కనిపిస్తోంది సార్."

అనక తప్పలేదు. కిందటి నెలే స్టోర్‌కీపరు ఒక విడిభాగం నంబరు తప్పు చదివాడని తీసుకెళ్లి గేటు దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టారు. చూపు ఆనని వాళ్లందరికీ ఇక అదే గతని గోదాములో గుసగుసలు.

"అయితే గట్టిగా చదవండి."

పెద్ద గుమాస్తా వంగినట్టు తెలియకుండా వంగి చూశాడు. నాలుగు బూడిదరంగు చారలు, కింద ఒక నీలం చార. అంతకుమించి ఏమీ ఆనలేదు. అయితేనేం, ముప్పై ఏళ్లుగా హెడ్డాఫీసు ఉత్తరాలు చదువుతున్న మనిషి. గొంతు సవరించుకుని, గుడ్డెద్దు చేలో పడ్డట్టు మొదలుపెట్టాడు.

"అన్ని శాఖలకు. కాగితము వృథా చేయరాదు. సీటులో లేనప్పుడు దీపములు, ఫ్యాన్లు ఆపివేయవలెను..."

"ఆగారేం?"

"పై ఆదేశములను తక్షణము అమలుపరచి, మధ్యాహ్నము లోపున జవాబు పంపవలెను."

గేటు దగ్గరి స్టూలు పెద్ద గుమాస్తా కళ్ల ముందు కదలాడింది. పొద్దుట్నుంచీ ఆయనకు స్పష్టంగా కనిపించింది అదొక్కటే.

"కరెక్టు" అన్నాడు మేనేజరు. "అక్షరం పొల్లుపోలేదు. పొద్దున నేనూ అదే చదివాను."

పెద్ద గుమాస్తా కాలరు సర్దుకున్నాడు. ముప్పై ఏళ్ల అనుభవమంటే ఇదన్నమాట!

"మీ చూపు గురించి ఎవరెవరో ఏదేదో కూశారు. నేను నమ్మలేదు లెండి. జవాబు కొట్టండి. 'మీ మెయిలు చదివాం. మా ఆఫీసులో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.' కింద మనిద్దరి పేర్లూ పెట్టండి, బావుంటుంది."

కొట్టడానికి ఆయనకు కళ్లతో పనిలేదు. వేళ్లకే అన్నీ తెలుసు. జవాబు వెళ్లిపోయింది. మేనేజరు ఈల వేసుకుంటూ తన అద్దాల గదిలోకి వెళ్లాడు.

పదకొండు దాటాక డిస్పాచ్ ఆవిడ వాచిన బుగ్గతో వచ్చింది. వస్తూనే ఆయన తెర వంక చూసి నాలుక కరుచుకోబోయి, పన్ను గుర్తొచ్చి ఆగింది.

"అయ్యో అన్నయ్యగారూ, మళ్లీ చిన్నవైపోయాయా? చెప్పరేం?"

మౌస్ అందుకుని రెండుసార్లు నొక్కింది. అక్షరాలు పొంగాయి. పెద్ద గుమాస్తా చదివాడు.

'కొత్త మార్పుల వల్ల మెయిల్ అక్షరాలు మరీ చిన్నవయ్యాయి, మన్నించండి. ఈ మెయిలు చదవడం కష్టంగా ఉన్నవాళ్లు మొహమాటపడకుండా మధ్యాహ్నం లోపు చెప్పండి. అక్షరాలు పెద్దవి చేయడానికి మనిషిని పంపుతాం. పెద్ద తెరలు, కళ్లద్దాలు కంపెనీయే ఇస్తుంది. చూపు కారణంగా ఎవరి కుర్చీకీ ఢోకా లేదు.'

"దీపాలూ ఫ్యాన్లూ ఏవీ?" అన్నాడాయన నీరసంగా.

"ఏ దీపాలు?"

అద్దాల గది తలుపు కొంచెం తెరుచుకుంది. మేనేజరు తల బయటపెట్టి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"అమ్మా, ఇందాక మీరు అక్కడ నొక్కిందేదో కాస్త నా కంప్యూటరుకి కూడా నొక్కి పెడతారా? అబ్బే, నాకు కనిపించక కాదు. కళ్లకి శ్రమ తగ్గుతుందని."

పెద్ద గుమాస్తా తలెత్తి మేనేజరును చూశాడు. మేనేజరు నేల చూపులు చూశాడు. దొంగకు దొంగ దొరికాడు. ఇద్దరి మొహాల్లోనూ ఎక్కడో చిన్న తేలిక.

"ఇంతకీ" అన్నాడు మేనేజరు మెల్లగా దగ్గరికొచ్చి, "ఆ మెయిల్లో ఏముంది పెద్దాయనా?"

ఆయన చెప్పేలోపే కంప్యూటరు టింగుమంది. హెడ్డాఫీసు నుంచి ఇంకో మెయిలు. ఈసారి అక్షరాలు గోడగడియారం అంకెలంత ఉన్నాయి. ముగ్గురికీ నిల్చున్నచోటి నుంచే కనిపించాయి.

'చాలా సంతోషం. మిగతా పదకొండు శాఖలూ చదవలేకపోయామని ఫోన్ చేశాయి. వాళ్లకు తెరలు, కళ్లద్దాలు అందేదాకా వాళ్ల మెయిళ్లన్నీ మీకే పంపుతాం, మీరిద్దరూ చదివి వాళ్లకు ఫోన్లో వినిపించండి.'