లోపల ఎవరు?

బెంజ్ సర్కిల్ దగ్గరి ఆఫీసులో వినీల ఒక ఆసుపత్రి సర్వర్‌ని కొత్తగా మార్చి పెట్టింది. డేటాబేస్‌కి కొత్త పాస్‌వర్డ్ దానంతటదే పుట్టింది. కానీ అది కనబడాల్సిన చోట ఖాళీగా ఉంది.

రోగుల వివరాలు ఎవరికీ తెరుచుకోవడం లేదు. ఆసుపత్రి నుంచి ఫోన్ల మీద ఫోన్లు.

"ఇక తెరుచుకోదేమోనండీ," అంది వినీల.

ఆమె పై అధికారి జయంత్ తన స్క్రీన్ చూసి ఊపిరి పీల్చుకున్నాడు. "కంగారుపడకమ్మా. మనవాళ్లెవరో కొత్త పాస్‌వర్డ్‌తో లోపలికెళ్లారు. వివరాలన్నీ కాపీ చేస్తున్నారు చూడు."

వినీల గది చుట్టూ చూసింది. అందరూ ఆమెవైపే చూస్తున్నారు.

"పాస్‌వర్డ్ లేక మనమందరం బయటే ఉన్నాం కదండీ."

అంతవరకూ తెరుచుకోవాలని ప్రభువును వేడుకున్న వినీల, తన చేత్తోనే సర్వర్ ఆపేసింది.