నీళ్లు పోసిన ఇల్లు

మీరు నమ్మరుగానీ, ఆ ఎండలకు మా వీధి కాకులు చెప్పులు తొడుక్కుని తిరిగాయి. పక్కింటి వర్ధనమ్మ జాలిపడి, దారినపోయేవాళ్లకు అరుగు మీద మంచినీళ్లు పోసింది. ఆకాశంలో ఎగిరే మున్సిపాలిటీ డ్రోన్ కన్ను అది చూసి, ఆ ఇంటిని ‘ప్రైవేటు ప్రజాసేవా కేంద్రం’ అని రాసేసింది. అంతే! ఇక ఆ గేటు జనానికి మూసుకోదు, కేంద్రం నడిపే మనిషి బయటికి పోవడానికి తెరుచుకోదు.

అవతల వేరే ఊళ్లో ఆమె కూతురికి నెలలు నిండుతున్నాయి. నలభై రోజులు ఎవరికీ చుక్క పోయకపోతే వదిలేస్తారట. గుండె రాయి చేసుకుని ముప్ఫై తొమ్మిది రోజులు నెట్టుకొచ్చింది.

నలభయ్యో రోజు మిట్టమధ్యాహ్నం, జాబితాలో పేరు కొట్టేయడానికి వచ్చిన మున్సిపాలిటీ ఉద్యోగే వడదెబ్బకు ఆమె అరుగు మీద కూలబడ్డాడు.

“ఉండు నాయనా, నీళ్లు తెస్తాను!”

“వద్దమ్మా... మీరిస్తే మళ్లీ రాయాలి,” అని మూలిగాడు.

ఆమె ఏడుస్తూనే కుండలో చెంబు ముంచింది. ఈలోగా నేను గోడ మీదుగా నా చెంబు అతని చేతిలో పెట్టేశాను.

“అన్నయ్యా, నీ ఇల్లు...”

“నాకేం పురుళ్లా, పుణ్యాలా? నువ్వు బస్సెక్కు!”

ఆర్నెల్లయింది. మనవరాలి ఫొటో పంపింది. నేను నలభై రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టినప్పుడల్లా ఎవరో ఒకరు దాహమంటూ వస్తారు. ఇవాళ మీరొచ్చారు. తాగండి. కాసేపు కూర్చోండి కూడా, నాకు తోచడం లేదు.