మణిగోడల దారి

మా ఆయన ఫుర్బా ఎవరెస్టు మీదికి మూటలు మోసిన మనిషి. మా ఊరు ఖుమ్‌జుంగ్ చుట్టూ ఎన్ని కొండదారులున్నా, ఈ ఏడు మేమిద్దరం తీసే శనివారం పరుగుకు ఆ నడిమి దారే అంటున్నాడు. దాని పొడవునా మంత్రాలు చెక్కిన మణిగోడలు. ప్రతి గోడ చుట్టూ మెల్లగా మూడు ప్రదక్షిణలు.

"పుట్టి బుద్ధెరిగాక దండం పెట్టని మనిషివి, ఇప్పుడేం పాపం చేశావయ్యా? ఎవతె అది?"

"నీ మొహం!"

ఇవాళ పట్టుబట్టి గోడల్లేని పైదారి పట్టించాను. మొదటి మలుపులోనే వెనక అడుగుల చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూస్తే, బండకు చేరగిలబడి, రొమ్ము పట్టుకుని రొప్పుతున్నాడు. నన్ను చూడగానే వంగి, ఊడని బూటు తాడు కట్టుకోసాగాడు.

నేను కిందికి దిగాను.

"పద, నడిమి దారికే పోదాం. నాకూ మొక్కుంది. గోడకు ఐదేసి ప్రదక్షిణలు."