బెంచీ మీది చుట్టం

"లేవండి. అది రిపోర్టు కోసం వచ్చిన బంధువులు కూర్చునే బెంచీ," అంది ల్యాబు టెక్నీషియన్, కిటికీలోంచి తల బయటపెట్టి.

"నేనూ బంధువునేనమ్మా," అన్నాడు పెద్దాయన.

"ఇవాళ ఎవరికి?"

పక్కన గోడకు తల ఆనించి కునుకు తీస్తున్న ఒకావిడను చూపించి, గొంతు తగ్గించాడు. "ఈ తల్లికి చిన్నాన్నను."

టెక్నీషియన్‌కు ఒళ్లు మండింది. పోయిన వారం ఒక లారీ డ్రైవరుకు మేనమామనన్నాడు. అంతకు ముందు ఒక ముసలావిడకు తమ్ముణ్నన్నాడు.

"ఈయన చుట్టాలందరికీ గడ్డలే వస్తాయేమిటో!" అంది లోపలికి తిరిగి.

ల్యాబంతా నవ్వింది. ఆ రోజు నుంచి ఆయన పేరు చుట్టాలాయన.

ఆ బెంచీ మీద ఎదురుచూపులు ఒక పట్టాన తెమిలేవి కావు. క్యాన్సరేమోనని ఒంట్లోంచి తీసిన ముక్కను తీసినట్టే మైక్రోస్కోపు కింద చూడటానికి వీల్లేదు. అందులోని నీరంతా లాగి, మైనం పట్టించి, గట్టిపడ్డాక ఉల్లిపొర కంటే పలచగా కోయాలి. నీరు లాగి మైనం పట్టించేసరికే తెల్లవారిపోయేది. దూరం నుంచి వచ్చినవాళ్లు ఇంటికి పోలేక, భయంతో నిద్రపట్టక అక్కడే కూర్చునేవారు. వాళ్ల పక్కన ఈయన. చేతిలో టీ ఫ్లాస్కు, నోటినిండా కబుర్లు.

"ఏమిటా నవ్వులు? ఇది ఆసుపత్రా, పెళ్లిల్లా?" అని సాయంత్రం ఇంటికి వెళ్తూ ఆమె కసిరిన రోజులూ ఉన్నాయి.

ఇంతలో ల్యాబుకు మైక్రోవేవ్ యంత్రం వచ్చింది. రాత్రంతా పట్టే పని గంట రెండు గంటల్లో తేల్చేస్తుంది.

"ఇంట్లో అన్నం వేడిచేసుకునే పెట్టె లాంటిదేనా అమ్మా?" చుట్టాలాయన కిటికీ దగ్గరికొచ్చి అడిగాడు.

"దానికి చుట్టమే అనుకోండి," అంది ఆమె వెటకారంగా. "పొద్దున ముక్క ఇస్తే సాయంత్రానికి రిపోర్టు."

"అంటే ఇక ఇక్కడ ఎవరూ రాత్రంతా కూర్చోనక్కర్లేదా?"

"అక్కర్లేదు. మీరు కూడా."

ఆయన నొచ్చుకోలేదు. "చల్లని మాట చెప్పావు తల్లీ," అని ఫ్లాస్కు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

పీడ విరగడైందనుకుంది ఆమె.

కొన్నాళ్లకు ఆమె అక్కకు మెడ మీద గడ్డ లేచింది. అమ్మ పోయాక తనను పెంచి పెద్దచేసిన అక్క. తీసిన ముక్క ఆ ల్యాబుకే వచ్చింది. యంత్రంలో పెట్టబోయి, చీటీ మీద అక్క పేరే మళ్లీ మళ్లీ చదువుతూ నిలబడిపోయింది.

"నువ్వు బయట కూర్చో. నేను చూసుకుంటాను," అన్నాడు తోటి టెక్నీషియన్.

ఇన్నేళ్లుగా కిటికీలోంచి చూసిన బెంచీ మీద మొదటిసారి కూర్చుంది. సాయంత్రం దాకానే కదా అనుకుంది. గోడ గడియారంలో ముల్లు కదిలితే ఒట్టు. క్యాన్సరని వస్తే అక్కకు ఏమని చెప్పాలి? ఎవరైనా పక్కన కూర్చుని ఏదో ఒకటి మాట్లాడితే బావుండుననిపించింది.

ఒకావిడ వచ్చి కూర్చుంది. టెక్నీషియన్ చూడగానే గుర్తుపట్టింది. ఆ రోజు కునుకు తీసిన ఆవిడే. భర్తకు మళ్లీ పరీక్షట.

"మీ చిన్నాన్న రాలేదా?" అని అడిగింది.

"ఏ చిన్నాన్న?"

"అదేనండీ, ఫ్లాస్కుతో మీ పక్కన కూర్చున్నాయన."

"ఆయన మా చిన్నాన్నేంటి! మాలాంటివాళ్లకు తోడుగా మీ ఆసుపత్రివాళ్లు పెట్టిన మనిషి కదా? ఆయన లేకపోతే ఆ రాత్రి నేనేమైపోయేదాన్నో."



సాయంత్రం కిటికీ తెరుచుకుంది. "భయం లేదు, మామూలు గడ్డే. పెద్ద డాక్టరు చూశారు," అన్నాడు తోటి టెక్నీషియన్.

టెక్నీషియన్ అక్కడే భోరుమంది. ఆ తడికళ్లతోనే తిన్నగా గేటు దగ్గరికి వెళ్లి, చుట్టాలాయన ఎక్కడుంటాడని వాచ్‌మన్‌ను అడిగింది.

"నాకూ తెలీదమ్మా. ఇప్పుడు రావడం లేదుగా."

"ఇంతకీ ఆయన ఎవరి తాలూకు?"

"ఎవరి తాలూకూ కాదమ్మా. ఎప్పుడో వాళ్లావిడ రిపోర్టు కోసం ఆ బెంచీ మీద తెల్లవార్లూ ఒక్కడే కూర్చుంటే, ఒక్కరూ పలకరించిన పాపాన పోలేదట."