తప్పుల అల్లిక

ఇప్పుడు ఇంటింటికీ అల్లిక యంత్రం ఉంది. మీట నొక్కితే చాలు, కూర ఉడికేలోపు లేసు బల్లగుడ్డ చేతికొస్తుంది. అందుకే డబ్బున్నవాళ్ళకి చేతి అల్లిక మీద కొత్తగా మోజు పుట్టింది.

నేను సరదాకి అల్లుతాను, నచ్చినవాళ్ళకి ఇస్తాను. మా మేనకోడలు హిమజకి అది గిట్టదు. "ఊరికే పంచేత్తావేంటత్తా? వ్యాపారం పెట్టు" అని పోరి పోరి, చివరికి ఒక కంపెనీ ఏజెంటుని ఇంటికే తీసుకొచ్చింది.

ఆ పెద్దమనిషి నా బల్లగుడ్డని వెలుగుకి పెట్టి, తిప్పి తిప్పి చూసి పెదవి విరిచాడు.

"ఒక్క తప్పూ లేదండీ. మెషిన్‌ది అనేత్తారు. ప్రతి దాంట్లో ఒక ముడి తప్పుగా వేశారనుకోండి, చేత్తో చేసిందని నమ్ముతారు."

"దిష్టిచుక్క అనుకో అత్తా" అంది హిమజ.

"దిష్టిచుక్క పెడతాం గానీ, పిల్ల మూతి వంకర చెయ్యం కదే!"

"కష్టమేం కాదండీ" అన్నాడతను. "తప్పులెయ్యడానికి ట్రైనింగు మేమే ఇత్తాం."

"ఎవరు నేర్పుతారు?"

"మెషినేనండీ. దానికి చాలా రకాల తప్పులొచ్చు."

నవ్వాపుకోలేకపోయాను. ఆ నవ్వులో చెయ్యి కదిలి, ఒళ్ళో పెట్టుకుని అల్లుతున్న కొత్త గుడ్డ వరసలో నిజంగానే ఒక ముడి తప్పింది. అతను కుర్చీలోంచి దిగ్గున లేచాడు.

"అదేనండీ! అచ్చం అలాంటిదే కావాలి!"

అతను చూస్తుండగానే దారం కొస పట్టుకుని లాగి, ఆ వరసంతా విప్పేశాను.